వైజాగ్‌లో కొత్త కారు: కడగడం, మెరుపు కాపాడుకోవడం

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి రోజూ పొద్దున్న ఆరింటికి ఒకాయన వస్తాడు. చేతిలో బకెట్టు, భుజం మీద గుడ్డ. ఇరవై కార్లకి అదే బకెట్టు, అదే గుడ్డ. ఒళ్లు వంచి పనిచేస్తాడు, ఒక్కరోజు నాగా పెట్టడు. నా కారు నల్లది. కొన్న నాలుగో నెలలో ఒక రాత్రి పెట్రోల్ బంకులో లైటు కింద ఆపాను. బానెట్ మీద పడ్డ ఆ లైటు చుట్టూ సాలెగూడు అల్లినట్టు వేల సన్నగీతలు కనిపించాయి. గుండె గుభేలుమంది. మర్నాడు ఆయన్ని అడిగితే, ‘రోజూ తుడుస్తున్నాను కదా బాబూ, అద్దంలా ఉంది సూడండి’ అన్నాడు. నిజమే, రోజూ తుడిచాడు. ఆ గీతలన్నీ అలా వచ్చినవే. తుడవమన్నది నేనే కాబట్టి ఆయన్ని అనడానికి నాకు నోరు రాలేదు.

ఎందుకలా అయిందో అర్థమైతే మిగతాదంతా సులువు. కారు పెయింట్ మొత్తం మందం చాలా కార్లకి 100 నుంచి 130 మైక్రాన్ల దాకా ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). అడుగున తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే రంగులేని పొర. మనం చూసి మురిసిపోయే మెరుపంతా ఆ పై పొరదే. దాని మందం ఇంచుమించు 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక కూడా దానికంటే లావుగా ఉంటుంది. గీతలు పడితే పాలిష్ చేయించొచ్చు కానీ, పాలిష్ అంటే ఆ పొరను కాస్త కాస్త అరగదీసి గీత లోతుకి సమానం చేయడమే. మళ్లీ పూత వేయరు. కాబట్టి కారు జీవితంలో పాలిష్‌కి కొన్ని అవకాశాలే ఉంటాయి.

ఇక మన ఊరి దుమ్ము సంగతి. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం దిగుతూ ఎక్కుతూ ఉంటాయి. పాత ఊరు, జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు ఉండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, కిటికీ గట్టు మీద వేలు పెడితే నల్లగా వస్తుంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, ఋషికొండ వైపు ఇసుక, ఉప్పు తుంపర. ఇసుక రేణువు క్లియర్ కోట్ కంటే గట్టిది. పొడిగుడ్డ కింద అది చిక్కుకుందంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. అందుకే నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: నీళ్లతో పోయేదాన్ని గుడ్డతో తియ్యకూడదు. కింద చెప్పేవన్నీ అందులోంచి వచ్చినవే.

డెలివరీ రోజు, పూజ

షోరూమ్‌లో కారు ఇచ్చే ముందు కడిగి తుడిచి పెడతారు. హడావుడిలో ఏ గుడ్డ దొరికితే ఆ గుడ్డతో. రెండు రోజుల ముందే సేల్స్ అబ్బాయికి చెప్పండి: ‘బాడీ మీద ప్లాస్టిక్ ఉంటే అలాగే ఉంచండి, కడగొద్దు, పాలిష్ పెట్టొద్దు, దుమ్ముతోనే ఇవ్వండి’ అని. వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. కారు చేతికి రాకముందే పగటి వెలుగులో ఒకసారి, ఫోన్ టార్చి పక్కవాటుగా పట్టి ఒకసారి, అన్ని తలుపులూ బంపర్లూ చూసుకోవాలి. ఏదైనా గీత ఉంటే సంతకం పెట్టకముందే ఫొటో తీసి చూపించాలి.

అక్కణ్నుంచి సగం ఊరు నేరుగా ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి దగ్గరికే వెళుతుంది. నేనూ వెళ్లాను, మీరూ వెళ్తారు. వెళ్లండి, కానీ రెండు మూడు జాగ్రత్తలు. పంతులుగారిని ‘బొట్టు బానెట్ మీద కాకుండా అద్దం మీద పెట్టండి’ అని అడగొచ్చు, ఎవరూ కాదనరు. అద్దం మీది గంధం, కుంకుమ తడిపితే పోతుంది. పెయింట్ మీద అయితే ఎండకి గట్టిపడుతుంది, తెల్ల కార్లలో పసుపు రబ్బరుకీ ప్లాస్టిక్‌కీ అంటుకుంటుంది. దండ కట్టేటప్పుడు చూడండి, చాలా దండలకి లోపల సన్న తీగ ఉంటుంది. ఇంటికి వచ్చేదాకా గాలికి అది బానెట్ మీద కొట్టుకుంటూ ఉంటుంది. దారంతో గ్రిల్‌కి బిగించి కట్టమనండి, ఇంటికి చేరగానే విప్పేయండి. కొబ్బరికాయ బంపర్‌కి నాలుగడుగుల దూరంలో కొట్టాలి. కాయ పెంకు ఎగిరి తగిలిన మచ్చ నంబర్ ప్లేటు పక్కన ఉన్న కార్లు నేను చాలా చూశాను. టైర్ల కింద నిమ్మకాయలతో ఏ ఇబ్బందీ లేదు.

ఇంటికి వచ్చాక పూజ గుర్తుల్ని పొడిగా తుడవకండి. ఎంత పొద్దున్నే పెట్టించినా, సాయంత్రానికి తడిపి తీసేయాలి. తడి మైక్రోఫైబర్ గుడ్డ బొట్టు మీద రెండు మూడు నిమిషాలు పరిచి ఉంచి, మెత్తబడ్డాక పైకి ఎత్తినట్టు తీయాలి. పసుపు మరక మిగిలితే కంగారు పడక్కర్లేదు, కొన్నాళ్లు ఎండ తగిలితే పసుపు రంగు దానంతట అదే వెలిసిపోతుంది.

ఏం కొనాలి

పెద్ద ఖర్చేం కాదు. మొదటిసారి కొంటే ఏళ్ల తరబడి వస్తాయి.

రెండు బకెట్లు, ఒక్కోటి పదిహేను, ఇరవై లీటర్లవి. వాటి అడుగున పెట్టే గ్రిట్ గార్డ్ అనే జల్లెడ, మట్టి కిందికి దిగి మళ్లీ పైకి రాకుండా ఆపేది. దొరక్కపోతే ఇంట్లో పాత ప్లాస్టిక్ చిల్లుల బుట్టని తిరగేసి పెట్టినా పని జరుగుతుంది. చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్ ఒకటి. పసుపు స్పాంజి వద్దు, దాని ముఖం చదునుగా ఉంటుంది, ఇసుక లోపలికి వెళ్లకుండా పెయింట్‌కీ స్పాంజికీ మధ్యనే ఉండిపోతుంది. మిట్‌కి పీచులు పొడవు, మట్టి ఆ పీచుల్లోకి పోతుంది.

కార్ షాంపూ, క్షారమూ ఆమ్లమూ కాని రకం. గిన్నెల సబ్బు, బట్టల పౌడరు రెండూ వద్దే వద్దు. జిడ్డు వదిలించడానికి తయారైనవి అవి, కారు మీద వేసిన వ్యాక్స్‌ని కూడా అలాగే వదిలించేస్తాయి.

ఆరబెట్టడానికి పెద్ద మందపాటి మైక్రోఫైబర్ టవల్ ఒకటి, చిన్నవి ఐదారు. చిన్నవాటి అంచున కుట్టిన లేబుల్ కత్తిరించేయండి, అదే గీస్తుంది. టైర్లకీ చక్రాలకీ వేరే బ్రష్, వేరే గుడ్డ, వేరే రంగువి. కలిసిపోకుండా ఉండాలంటే రంగు తేడా ఒక్కటే మార్గం.

ఈ గుడ్డల్ని ఉతకడంలోనే చాలామంది తప్పుచేస్తారు. ఇంట్లో బట్టలతో కలిపి మిషన్లో వేస్తే నూలు పోగులన్నీ పట్టేస్తాయి. మెత్తగా ఉండాలని ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే పీచులకి పూత పట్టి నీళ్లు పీల్చవు. విడిగా, కొద్దిపాటి లిక్విడ్ డిటర్జెంట్‌తో ఉతికి, నీడలో ఆరేయాలి. నేల మీద పడ్డ గుడ్డని ఆరోజుకి కారు మీద వాడకూడదు. ఎంత దులిపినా సరే.

కడగడం

ఎప్పుడు కడగాలంటే, ఎండ ముదరకముందు. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఏడున్నర దాటితే బానెట్ కాలుతుంది. చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఆగండి. వేడి రేకు మీద షాంపూ నీళ్లు కడిగేలోపే ఆరిపోయి మచ్చలు పడతాయి. సాయంత్రం నీడలో కూడా మంచిదే, కానీ ఇంజన్ చల్లారాక.

1. ముందు చక్రాలు. అక్కడ ఉండేది బ్రేకుల ఇనుప పొడి, తారు, మట్టి. చివర్లో కడిగితే ఆ మురికంతా కడిగిన తలుపుల మీద చిందుతుంది. వాటి బకెట్టు, వాటి బ్రష్‌తో పూర్తిచేసి పక్కన పెట్టేయండి.

2. తర్వాత కారంతా నీళ్లతో తడపాలి, పైకప్పు నుంచి కిందికి. ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. మొత్తం పనిలో సగం సమయం ఇక్కడే పెట్టినా దండగ కాదు. ప్రెషర్ వాషర్ ఉంటే ముక్కు రేకుకి కనీసం ఒక అడుగు దూరంలో ఉంచి, వెడల్పు ధారతో కొట్టండి. హోస్ పైపు అయినా చాలు. చక్రాల పైన ఉండే గుంటల్లో, డోర్ల కింది అంచుల్లో, వైపర్ల దగ్గరా నీళ్లు బాగా పారనివ్వాలి. తెల్లని కారైతే ఎర్రటి నీళ్లు కారడం ఇక్కడే కనిపిస్తుంది. ఆ నీళ్లు తేరుకునేదాకా మిట్ ముట్టుకోవద్దు.

3. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు. షాంపూ ఎంత వేయాలో సీసా మీద ఉంటుంది, అంతే వేయండి. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం కాదు, జిగురు మిగులుతుంది. మిట్‌ని షాంపూలో ముంచి, పైకప్పు మీద మొదలుపెట్టాలి. గుండ్రంగా తిప్పకూడదు, ముందుకీ వెనక్కీ గీతలా, బరువు పెట్టకుండా. ఒక్కో భాగం అయ్యాక మిట్‌ని మామూలు నీళ్ల బకెట్లో జల్లెడకేసి రుద్ది, పిండి, అప్పుడు మళ్లీ షాంపూలో ముంచాలి. మొదట ఇదంతా చాదస్తంలా అనిపిస్తుంది. ఒకసారి కడిగాక ఆ రెండో బకెట్ అడుగున ఎంత ఇసుక దిగిందో చూడండి, అదంతా మీ పెయింట్ మీద తిరగాల్సిన ఇసుక.

4. క్రమం ఇది: పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపుల పై సగం, డిక్కీ, చివరగా తలుపుల కింది సగం, బంపర్లు. కింది భాగాల్లో మురికి ఎక్కువ కాబట్టి అవి ఆఖరికి. షాంపూ ఆరకుండా రెండు మూడు భాగాలకోసారి నీళ్లు కొట్టేస్తూ ఉండాలి.

5. చివరిసారి కడిగేటప్పుడు పైపు ముక్కు తీసేసి, ధారగా పైనుంచి వదలండి. నీళ్లు దుప్పటి జారినట్టు జారిపోతాయి, చుక్కలు తక్కువ మిగులుతాయి.

6. వెంటనే ఆరబెట్టాలి. టవల్ పరిచి, రెండు అంచులూ పట్టుకుని మెల్లగా మీ వైపు లాక్కోవాలి. రుద్దడం ఉండదు. అద్దాల మూలల్లోంచి, హ్యాండిళ్లలోంచి కారే నీళ్ల కోసం చిన్న గుడ్డ.

గాలికే ఆరిపోతుందిలే అని వదిలేస్తే, బోరు నీళ్లయితే తెల్ల మచ్చలు తప్పవు. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నెలో అడుగున తెల్లగా పేరుకుంటుంది కదా, అదే కారు మీద చుక్కచుక్కగా పేరుకుంటుంది. సముద్రానికి దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగానూ ఉంటాయి. వీలైతే చివరి కడుగుకి మున్సిపల్ కుళాయి నీళ్లు వాడండి. మచ్చలు పడ్డాక అయితే వంటింటి వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి, గుడ్డతో ఒత్తి ఒకటి రెండు నిమిషాలుంచి కడిగేస్తే కొత్తవి పోతాయి. వారాల తరబడి ఎండలో కాలినవి పోవు, వాటికి పాలిషే గతి.

ఒక మాట. కడిగిన మర్నాడు చక్రాల సందుల్లోంచి బ్రేక్ డిస్కుల మీద నారింజ రంగు తుప్పు కనిపించి టెన్షన్ పడతారు. ఇక్కడి గాలికి ఒక్క రాత్రిలోనే వస్తుంది. పూత లేని ఇనుము కాబట్టి సహజం, నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది. కడిగాక వెంటనే అలా కాలనీ చుట్టూ ఒక రౌండు వేసి బ్రేకులు తొక్కి తెచ్చి పెడితే అంత కూడా రాదు.

పైపు పెట్టనివ్వని అపార్ట్‌మెంట్ వాళ్లకి

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార లాంటి చోట్ల ఫ్లాట్లలో ఉండేవాళ్లకి సెల్లార్లో నీళ్లు పారబోస్తే అసోసియేషన్ ఊరుకోదు. వేసవిలో అయితే అసలే ట్యాంకరు. వీళ్లకి రిన్స్‌లెస్ వాష్ ద్రవాలు దొరుకుతాయి, మళ్లీ నీళ్లతో కడగక్కర్లేనివి. ఒక బకెట్టు నీళ్లు, అందులో మూతెడు ద్రవం. అదే నీళ్లని తోటకి మందు కొట్టే చేతి పంపు స్ప్రేయర్లో పోసి ముందు ఒక భాగమంతా తడిపి, రెండు నిమిషాలు నాననివ్వాలి. తర్వాత ముంచిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిశలో తీసి, గుడ్డని మడత తిప్పి శుభ్రమైన వైపు వాడాలి. ఎనిమిది శుభ్రమైన వైపులు వచ్చేలా మడిస్తే ఒక గుడ్డ ఎనిమిది గుడ్డలతో సమానం. వెంటనే పొడి టవల్‌తో ఆరబెట్టాలి. మొత్తం పది లీటర్లు కూడా పట్టవు, నేల తడవదు.

కారు బురదలో మునిగి ఉంటే మాత్రం ఇది పనికిరాదు. వానాకాలంలో ఘాట్ రోడ్డెక్కి అరకు వెళ్లొచ్చారనుకోండి, ముందు బయట వాటర్ వాష్‌లో నీళ్లు మాత్రం కొట్టించండి. ‘గుడ్డ పెట్టొద్దు, నీళ్లు చాలు’ అని దగ్గరుండి చెప్పాలి. మీరు టీ తాగడానికి వెళ్లారో, తిరిగొచ్చేసరికి డీజిల్ రాసిన గుడ్డ బానెట్ మీద తిరుగుతూ ఉంటుంది.

ఉప్పు

ఉప్పు పెయింట్‌ని నేరుగా తినేయదు. అది గాలిలో తడిని లాగి రేకు దగ్గర ఉంచుతుంది, తుప్పుని వేగంగా పట్టేలా చేస్తుంది. పెయింట్ బాగున్నచోట ఏమీ కాదు. రాయి తగిలి పెచ్చు లేచినచోట, డోర్ అంచు గోడకి తగిలినచోట తుప్పు మొదలవుతుంది. అందుకే ఇక్కడ రాయి దెబ్బ చిన్నదే కదా అని వదిలేయకూడదు. మీ కారు కలర్ కోడ్ చూసి టచప్ పెన్ను ఒకటి కొని పెట్టుకోండి, శుభ్రం చేసి ఒక చుక్క పెట్టండి. అందంగా లేకపోయినా పర్లేదు, తుప్పు ఆగితే చాలు.

బీచ్ ఎదురుగా ఉండేవాళ్లు వారానికోసారి కారు అడుగున కూడా నీళ్లు కొట్టాలి. తలుపుల కింద అంచుకి చిన్న రంధ్రాలు ఉంటాయి, లోపలికి దిగిన నీళ్లు పోవడానికి. అవి మట్టితో పూడిపోకుండా అగ్గిపుల్లతో తీస్తూ ఉండండి. భీమిలి వైపు సరదాగా ఇసుకలోకి దింపిన రోజు ఇంటికి రాగానే కడగాలి, రేపు అనొద్దు.

కవరు వేయమంటారా అని చాలామంది అడుగుతారు. నేను వేయను. దుమ్ము ఉన్న కారు మీద కవరు కప్పితే, సముద్రపు గాలికి అది రాత్రంతా కొట్టుకుంటూ పెయింట్ రుద్దుతుంది. వానకి తడిస్తే తడి లోపలే ఉంటుంది. నీడలో, కడిగిన కారు మీద, నెలల తరబడి ఊరెళ్తే సరే.

రెట్టలు, జీడి, పురుగులు

పక్షి రెట్టలో ఆమ్లం ఉంటుంది. మన ఎండలో బానెట్ వేడెక్కి పై పొర మెత్తబడినప్పుడు అది లోపలికి దిగి, చల్లారాక అచ్చు పడినట్టు ఉండిపోతుంది. మధ్యాహ్నానికే మచ్చ పడొచ్చు. కారులో చిన్న నీళ్ల సీసా, రెండు గుడ్డలు ఉంచుకోండి. తడి గుడ్డ దాని మీద ఐదు నిమిషాలు వేసి, మెత్తబడ్డాక ఎత్తేయండి. వేసవిలో మామిడిచెట్టు కింద పార్క్ చేయకండి, కాయ జీడి పెయింట్‌కి మంచిది కాదు. హైవే మీద అన్నవరం వెళ్లొచ్చిన రాత్రి బంపర్ మీద అంటుకున్న పురుగులు కూడా అంతే, మర్నాడు పొద్దున్నే నానబెట్టి తీయాలి. గోకొద్దు.

గరుకు తేలితే

ఆరు నెలలకోసారి ఒక పరీక్ష చేయండి. కారు కడిగాక, చేతికి పల్చని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాయండి. చెయ్యి జారిపోతే సరే. చిన్న చిన్న ఇసుక పలుకుల్లా తగిలితే పెయింట్‌లో ఏదో నాటుకుందని అర్థం. పోర్టు వైపు, స్టీల్‌ప్లాంట్ వైపు రోజూ తిరిగే కార్లకి ఎక్కువగా ఇనుప రేణువులే. అవి తుప్పు పట్టి తెల్లకారు మీద నారింజ చుక్కల్లా కనిపిస్తాయి.

దీనికి ఐరన్ రిమూవర్ స్ప్రే ఉంటుంది. నీడలో, చల్లని రేకు మీద కొడితే ఇనుమున్నచోటల్లా వంకాయ రంగులోకి మారి కారుతుంది. చూడటానికి బాగుంటుంది కానీ వాసన కుళ్లిన గుడ్డులా ఉంటుంది, ముక్కుకి గుడ్డ, చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఆరిపోకముందే బాగా కడగాలి. అప్పటికీ గరుకు మిగిలితే క్లే బార్, అంటే పెయింట్ మీద రుద్దే మట్టి ముద్ద. షాంపూ నీళ్లతో జారుడుగా ఉంచి రుద్దాలి, మురికి పడితే పిసికి కొత్త వైపు తిప్పుకోవాలి. కింద పడితే పారేయండి, కడుక్కుని వాడొద్దు. క్లే చేసిన తర్వాత పెయింట్ మీద రక్షణ ఏమీ ఉండదు, కాబట్టి అదే రోజు వ్యాక్స్ వేయాలి.

పైన ఏం వేయాలి

కొత్త కారుకి మూడు నెలలదాకా వ్యాక్స్ వేయకూడదంటారు. అది షెడ్డులో మళ్లీ పెయింట్ వేయించినవాటి సంగతి. ఫ్యాక్టరీలో పెయింట్‌ని ఓవెన్లో కాల్చి గట్టిపరిచి పంపిస్తారు, మొదటి వారంలోనే వేసుకోవచ్చు.

వ్యాక్స్ చవక, చేత్తో వేసుకోవచ్చు, మన వేడికి నెలో రెండు నెలలో ఉంటుంది. సీలెంట్ అంటే వ్యాక్స్ లాగే పైన రాసే రసాయన పూత, ఖరీదు కొంచెం ఎక్కువ, నాలుగైదు నెలలు ఉంటుంది. ఓపిక ఉండి, కడగడం ఇష్టమున్నవాళ్లకి సీలెంట్ చాలు, నేనదే వాడతాను.

సెరామిక్ కోటింగ్, అంటే పెయింట్ మీద రాశాక గట్టిపడే ద్రవ పూత, దాని గురించి అతిగా చెప్తారు. నీళ్లు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, సరిగ్గా వేస్తే ఏళ్లు ఉంటుంది, అంతవరకు నిజం. గీతలు పడవనడం నిజం కాదు. 9హెచ్ అని అట్టమీద రాసేది పెన్సిల్ గట్టిదనంతో చేసే పరీక్ష, రాయి దెబ్బకీ దానికీ సంబంధం లేదు. దాని మీద పొడిగుడ్డ తిప్పినా గీతలే. వేయించాలనుకుంటే, వేసేముందు పెయింట్‌ని సరిచేశారో లేదో లైటు పెట్టి చూపించమనండి. ఉన్న గీతల మీద కోటింగ్ వేస్తే అవి లోపల అలాగే ఉండిపోతాయి.

రాళ్ల దెబ్బ ఆపేది పీపీఎఫ్ ఒక్కటే. స్టిక్కర్‌లా అతికించే పారదర్శకమైన ఫిల్మ్, మందం 150–200 మైక్రాన్లు, అంటే పెయింట్ మొత్తం కంటే మందం. ఖరీదు చాలా ఎక్కువ. కారంతా అక్కర్లేదు, రోజూ హైవే మీద అనకాపల్లి దాకా పోయొచ్చేవాళ్లు ముందు బంపర్, బానెట్ ముందు భాగం, సైడ్ మిర్రర్ల వెనక వైపు, హ్యాండిళ్ల కింది గుంటలకి వేయించుకుంటే చాలు.

మా సెల్లార్ ఆయనకి ఇప్పుడు కూడా నెలనెలా అదే డబ్బులిస్తున్నాను. పని మాత్రం మార్చాను. టైర్లు, ముందు అద్దం, లోపల మ్యాట్లు ఆయనవి. బాడీ నాది, ఆదివారం. మొదటి నెల ఆయన నమ్మలేదు, ‘డబ్బులిచ్చి తుడవొద్దంటారేటి బాబూ’ అని వాచ్‌మన్‌తో చెప్పుకుని నవ్వుకున్నాడట. మొన్న మాత్రం అడిగాడు, ఆ రెండో బకెట్లో బుట్ట ఎందుకు తిరగేసి పెట్టారని.